ముప్పై ఏడో ఫుట్‌నోట్‌లోని స్థానిక మహిళ

వరి పండాక కోస్తారని రాశాను. దానికి ఆధారం చూపమన్నారు.

నవ్వించడానికి చెప్పడం లేదు. ల్యాప్‌టాప్ తెర మీద నా వ్యాసం, దాని కుడి అంచున ఒక పసుపు గడి, ఆ గడిలో ఎంతో మర్యాదైన ఇంగ్లిషులో ‘ఈ వాక్యానికి దయచేసి ప్రామాణికమైన ఆధారం ఇవ్వగలరు’ అని వ్యాఖ్య. పండకముందే వరి కోసే ఊరు ఆ పత్రిక సంపాదకుల్లో ఎవరికైనా తెలుసేమో. నేను పుట్టి పెరిగిన లాల్‌గడి మలక్‌పేట్‌లో మాత్రం పండాకే కోస్తారు. ఆ మాటే రాసి పంపుదామని వేళ్లు దురద పెట్టాయి. పంపలేదు. వ్యవసాయ శాఖ వాళ్ల కరపత్రం ఒకటి వెతికి పట్టుకుని, పేజీ నంబరుతో సహా అడుగున వేసి పంపాను. ‘ధన్యవాదాలు, ఇప్పుడు బాగుంది’ అని జవాబొచ్చింది. వరికి కూడా ప్రాణం లేచి వచ్చి ఉంటుంది.

ఇంత అణకువ నాకెక్కడిదంటే, అవసరం. దుండిగల్ వైపు ఒక ప్రైవేటు లా కాలేజీలో ఆస్తి చట్టం చెబుతాను. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను, అన్ని ఏళ్లూ కాంట్రాక్టు మీదే. జూన్‌లో కాగితం మీద సంతకం, ఏప్రిల్ వచ్చేసరికి ఉంచుతారో ఊడబెరుకుతారో అని గుండెల్లో దడ. అలాంటిది ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచి కూర్చోబెట్టారు. మేడ్చల్ మనిషి, మాట మెత్తన.

“మేడం, వచ్చే యేడు మన దగ్గర ఒక్క పర్మనెంటు పోస్టు పడుతది. మీరు పాఠం మస్తు జెప్తరని పిల్లలందరు అంటరు. గని పాఠానికి మార్కుల్లేవు గద. ఒక్క మంచి జర్నల్ల మీ ఆర్టికల్ వచ్చిందనుకోర్రి, ఇగ పోస్టు మీదే. జల్దీ జేయుర్రి.”

పాఠానికి మార్కుల్లేవట. పాఠం చెప్పే ఉద్యోగానికి.

ఈ జర్నళ్ల సంగతి బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెప్పాలి. వైద్యుల పత్రికలో ఏది అచ్చు వేయాలో వైద్యులు తేలుస్తారు. ఇంజనీర్ల పత్రికకు ఇంజనీర్లు ఉంటారు. లా చదువుల్లో పేరున్న పత్రికలను చాలా చోట్ల విద్యార్థులే నడుపుతారు. ఆస్తి చట్టం పరీక్ష ఇంకా రాయని పిల్లలు, ఆస్తి చట్టం చెప్పే పంతులమ్మ రాత పనికొస్తుందో లేదో నిర్ణయిస్తారు. రేపు పెద్ద లా ఆఫీసులో ఉద్యోగానికి వాళ్ల బయోడేటాలో ‘సంపాదకత్వం’ అని ఒక వరస కావాలి. నా బయోడేటాలో ‘ప్రచురణ’ అని ఒక వరస కావాలి. ఇద్దరి పనీ అయిపోతుంది కాబట్టి, ఆ వ్యాసాన్ని చదివేవాడు భూమ్మీద ఒకడైనా ఉన్నాడా అన్న దిగులు ఎవరికీ లేదు.

నేను వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద లా యూనివర్సిటీ విద్యార్థుల జర్నల్‌కు పంపాను. పేరు చెప్పను. అందరివీ ఒకలాంటి పేర్లే.

నేను రాసింది మా ఊరి ఆచారం గురించి. మా దగ్గర పొలాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. రోడ్డు ముందు పొలానికే. వెనక పొలాల్లోకి వరికోత మిషన్ పోవాలంటే ముందు పొలంలోంచే పోవాలి, అందులో పంట నిలబడి ఉంటే పోలేదు. అందుకని మా ఊళ్లో ఒక కట్టుబాటు. రోడ్డు పక్క పొలమున్నవాడు అందరికంటే ముందు కోయించాలి, కోయించి వెనకవాళ్లకు దారి వదలాలి. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. మిషన్లు రాకముందు ఎడ్లబండ్లప్పుడూ ఇంతేనట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. ముందువాడు పంతానికి పోయి ఆలస్యం చేస్తే, మా నాయిన పొద్దున్నే వాళ్ల అరుగు మీద కూర్చుని, కోతకు మనుషులు దొరికేదాకా లేవకపోవడం కూడా చూశాను.

ఇప్పుడా ముందు పొలాలు లేఅవుట్లు అయిపోయాయి. కొన్నవాడు ప్రహరీ కట్టి గేటు పెట్టాడు. ఈ ఆచారం కొన్నవాడికీ వర్తిస్తుందా, వెనకున్న రైతుకు దారి హక్కు మిగులుతుందా? ఇదీ వ్యాసం. చిన్న ప్రశ్నే, కానీ ఎవరూ అడగని ప్రశ్న. నా బతుకులో నాదంటూ ఒక ఆలోచన ఉందంటే అదే.

వ్యాసం తీసుకున్నామని కబురు వచ్చిన రోజు ఎగిరి గంతేశాను. తర్వాత మొదలైంది అసలు పూజ. ప్రతి వాక్యానికీ అడుగున ఆధారం ఉండాలి. లాల్‌గడి మలక్‌పేట్ శామీర్‌పేట్ మండలంలో ఉందనడానికి ఆధారం. ప్రహరీకి గేటు ఉంటుందనడానికి ఆధారం. ఒక ఫుట్‌నోట్ చివర చుక్క నిటారుగా ఉండాల్సింది ఏటవాలుగా, ఇటాలిక్‌లో ఉందని ఒక పిల్లవాడు కనిపెట్టాడు. చుక్క వాలిందట! చుక్కను భూతద్దంలో చూశాడో, దేవుడు చూపించాడో. చుక్కను చూసిన ఆ కళ్లు నా వాదన వైపు ఒక్కసారి తిరిగి ఉంటే సంతోషించేదాన్ని. నా వాదన తప్పనో ఒప్పనో ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు.

చివరికి వచ్చి వచ్చి అసలు వాక్యం దగ్గర ఆగారు. ‘ముందు పొలం యజమాని మొదట కోయించి వెనకవారికి దారి వదలడం ఈ ప్రాంతపు ఆచారం.’ ఆధారం?

నాకు తెలుసు, నేను చూశాను అని రాశాను. వ్యక్తిగత పరిశీలన చెల్లదన్నారు. ఒళ్లు మండిపోయింది. అమ్మా, అయ్యా, మీరు చదివేది లా. ఆచారం ఉందని కోర్టులో ఎలా రుజువు చేస్తారు? ఆ ఊరి సంగతి తెలిసిన మనిషి బోనెక్కి ‘నాకు తెలుసు’ అని చెబితే సాక్ష్య చట్టమే చెవి ఒగ్గి వింటుంది. జడ్జి రాసుకుంటాడు. జడ్జికి చాలిన మాట మీకు చాలదా? ఇదంతా ఇంకొంచెం నెమ్మదిగా రాసి పంపాను. ‘మీ ఆవేదన అర్థమైంది. అయితే మా పత్రిక విధానం...’ అని జవాబు.

ఆ జవాబు రాసిన అమ్మాయే రెండు రోజులకు ఫోన్ చేసింది. జర్నల్‌లో నా వ్యాసం బాధ్యత ఆమెదే. అచ్చ తెలుగులో మాట్లాడేసరికి ఆశ్చర్యపోయాను.

“నమస్తే మేడమ్. మేము గుంటూరు వాళ్లమండి, కానీ బౌరంపేట్‌లోనే ఉంటాం. సెలవులకి ఇంటికొచ్చాను. మీ ఊరు మాకు దగ్గరే కదండీ! నాకో ఐడియా వచ్చింది. మా జర్నల్‌కి బ్లాగ్ ఉంది. నేను మీ ఊరొచ్చి, చూసి, ఆ ఆచారం మీద బ్లాగ్‌లో చిన్న పోస్ట్ రాస్తాను. మీరు దాన్ని ఆధారంగా ఇచ్చేయండి. సమస్య తీరిపోతుంది.”

నేను పుట్టినప్పటి నుంచి చూస్తే అది అనుభవం. ఆమె ఒక పూట చూస్తే అది ఆధారం. అయినా సరేనన్నాను. పోస్టు కావాలి కదా.

యాసంగి కోతల సమయానికి కారులో వచ్చింది. మంచి పిల్లే, పొగరు లేదు. చెప్పులు విడిచి గెట్టు మీద నడిచింది. మా నాయిన వేపచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టాడు.

“కూసో బిడ్డా. సల్ల తాగుతవా? ఎండల వడొచ్చినవు.”

“థాంక్యూ తాతగారూ.”

తాతగారు అనేసరికి మా నాయిన మురిసిపోయాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగించాడు. చెప్పిందంతా నేనే. ఎవరి పొలం వెనక ఎవరిది, ఎవరు ఎప్పుడు కోయించాలి, మాట తప్పినవాడిని ఊరు ఏం చేస్తుంది, అన్నీ వరసగా పాఠంలా చెప్పాను. ఆమె ఫోన్‌లో టకటకా కొట్టుకుంది. ఇంకా లేఅవుట్ కాని ఒక ముందు పొలంలో కోసిన వరి కొయ్యకాళ్ల మీదుగా మిషన్ వెనక్కి పోతుంటే ఫొటోలు తీసుకుంది, మంచం మీద మా నాయినదీ ఒకటి.

“నీకేం జెప్పిందో గదంతా ఖరారే బిడ్డా,” అన్నాడు నాయిన. “నా బిడ్డ సిన్నప్పటి సంది గీ పొలాలల్లనే తిరిగింది. నన్నడుగుడు గూడ అవసరం లేదు.”

బ్లాగ్ వచ్చింది. పైన ఆ అమ్మాయి పేరు, నవ్వు మొహం ఫొటో. లోపల నా మాటలు, నేను చెప్పిన వరసలోనే. నా పేరు లేదు. ‘స్థానిక మహిళ ఒకరు వివరించినట్లు’ అని ఉంది. ఫోన్ చేసి అడిగాను.

“అయ్యో, మీ పేరు వేయకూడదు మేడమ్. మీ వ్యాసం తీసుకున్నా, చివరి రివ్యూ ఇంకా నడుస్తోంది కదా. రివ్యూ చేసేవాళ్లకి రచయిత ఎవరో తెలియకూడదు. బ్లాగ్‌లో మీ పేరు, మీ ఊరు ఉంటే దొరికిపోతాం. రూల్ అండి.”

మా నాయిన ఫొటో కింద ‘ఒక రైతు’ అని ఉందని చదివి చెబితే ఆయనకు తిక్క రేగింది.

“ఒక రైతా? ఏందే గది? సల్ల తాగింది, తాత అన్నది, నా పేరు యాది లేదా గా పోరికి?”

“రూలట నాయినా.”

“ఏం రూలే, నీ యవ్వ!” అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

అలా నా వ్యాసంలో ముప్పై ఏడో ఫుట్‌నోట్ పుట్టింది. నా వాక్యం కింద, నా ఊరి గురించి, నాకు తెలిసిన సంగతికి, ఆ అమ్మాయి పేరు ఆధారంగా నా చేత్తోనే టైపు చేశాను. చుక్క నిటారుగా పెట్టాను. పసుపు గడి మాయమైంది.

చలికాలంలో సంచిక వచ్చింది. సంపాదక వర్గం జాబితా ఒక పెళ్లి బస్సుకు సరిపడా ఉంది, వ్యాసాలు రాసినవాళ్లం ఒక ఆటోలో పడతాం. అయినా అచ్చులో నా పేరు చూసుకుని కళ్లు చెమర్చాయి, దాచడం దేనికి. ప్రిన్సిపాల్ గారు స్వీట్లు తెప్పించారు.

“ఇగ పరేషాన్ గాకుర్రి మేడం. పోస్టు మీదే.”

వేసవిలో ఇంటర్వ్యూ. ప్రిన్సిపాల్ గారితో పాటు బయటి నుంచి నిపుణుడిగా ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌ను పిలిపించారు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. నా వ్యాసం ఎదురుగా పెట్టుకున్నారు. పేజీల అడుగు భాగాల్లో మాత్రం పెన్సిల్ గీతలున్నాయి, పై భాగాలు తెల్లగా ఉన్నాయి. వ్యాసం చదవలేదు, ఫుట్‌నోట్లు చదివారు. ఈ లోకంలో చదవడమంటే అదే.

“వ్యాసం బాగుందమ్మా,” అన్నారు. “దీనికి ప్రాణం ఈ ఆచారమే. కానీ దాన్ని వెలికి తీసింది మీరు కాదు కదా. ఒక విద్యార్థిని. మీరే రాశారు, ముప్పై ఏడో ఫుట్‌నోట్‌లో. ఆమె బ్లాగూ చూశాను, అన్నీ అందులోనే ఉన్నాయి. మరి ఇందులో మీదంటూ ఏముంది?”

“సార్, ఆమెకు అదంతా చెప్పింది నేనే.”

“స్థానిక మహిళ ఒకరు చెప్పారని ఉందమ్మా ఇక్కడ.”

“ఆ స్థానిక మహిళను నేనే సార్.”

ఆ మాట అంటుంటే నా చెవులకే అది పిచ్చిమాటలా వినిపించింది. ప్రిన్సిపాల్ గారు నీళ్ల గ్లాసు వంక చూశారు. పెద్దాయన నవ్వలేదు, పాపం నిజంగానే జాలిపడ్డారు.

“మీ మాట నమ్మనని కాదు. దానికి ఏదైనా ఆధారం ఉందా? ఆ అమ్మాయి చేత ఒక్క వాక్యం రాయించుకుని సోమవారం లోపు ఇవ్వండి. చాలు.”

ఒక్క వాక్యం. ఆటోలో ఇంటికి పోతూనే ఫోన్ చేశాను. ఆ అమ్మాయి నా గొంతు గుర్తుపట్టి సంబరపడింది. తాతగారు ఎలా ఉన్నారని అడిగింది. తన బ్లాగ్ పోస్ట్‌ను ఎవరో పెద్ద లాయరు తన వ్యాసంలో ప్రస్తావించారని, అదంతా నా చలవేనని చెప్పింది. సంగతి చెప్పాను.

“అయ్యయ్యో మేడమ్! రాసిచ్చేదాన్నేనండీ, కానీ అలా రాస్తే రివ్యూ నడుస్తుండగా ఎడిటర్ రచయిత ఇంటికి వెళ్లిందని తేలిపోతుంది. మీ వ్యాసాన్నే జర్నల్‌లోంచి తీసేస్తారు. అప్పుడు మీకు ప్రచురణే ఉండదు కదా.”

రాసిస్తే వ్యాసం పోతుంది. రాసివ్వకపోతే అందులో నేనుండను. ఏది పోయినా పోస్టు పోతుంది. ఎంత బాగా అల్లారో ఈ వలను!

“పోనీ ఆ బ్లాగ్‌లో సవరణ వేయవచ్చు మేడమ్,” అంది ఉత్సాహంగా. “ఆ స్థానిక మహిళ మీరేనని ఇంకెక్కడైనా అచ్చయి ఉంటే పంపండి. దాన్ని చూపించి మార్చేస్తాను.”

అంతదాకా పంతులమ్మ తెలుగులో మాట్లాడుతున్నదాన్ని, అక్కడ నా భాష నాకొచ్చింది.

“ఏంది బిడ్డా గా మాట? మా వాకిట్ల మంచమేసుకొని కూసుంటివి. సల్ల తాగితివి. నీ ముంగట కూసోని జెప్పింది నేను గాదా? నీకు తెల్వదా?”

ఆటోలో వాళ్లంతా నా వైపు తిరిగారు. ఆ పిల్ల, ఏ కల్మషమూ లేకుండా, చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు అంది:

“నాకు తెలుసు మేడమ్. కానీ నాకు తెలియడం ఆధారం కాదు కదండీ.”

కోర్టులో అయితే అదే ఆధారం. ఆమెకు ఎవరూ ఆ పాఠం చెప్పినట్టు లేరు. చెప్పినా దానికి మార్కులుండవు.

సోమవారం వట్టి చేతులతో వెళ్లాను. పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. ఆయన వ్యాసం నేనూ చదివాను, సొంత వాక్యం ఒక్కటి లేదు, అందుకే దానికి వంక పెట్టేందుకు ఎవరికీ ఏమీ దొరకలేదు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు. మా నాయిన ఒక్కసారే అడిగాడు, “గంతమంది సదువుకున్నోళ్లల్ల నిన్ను నమ్మెటోడు ఒక్కడు లేడాయె?” నాకు ఏడుపొచ్చింది.

జూన్‌లో మామూలుగానే కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టడానికి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఇంకో ఏడాదికి. పెట్టాను. కింద సాక్షి అని రాసి ఉన్న చోట ప్రిన్సిపాల్ గారు చదవకుండానే చకచకా గీకేశారు. కడుపులో ఉన్నది ఆగక అడిగాను, ఆ సంతకం నాదేననడానికి మీ దగ్గర ఆధారం ఏముంది సార్ అని.

ఆయన తల గోక్కుని, నాకేదో అయిందన్నట్టు చూశారు.

“ఆధారమేంది మేడం? నా ముంగటనే పెట్టిన్రు గద. నా కండ్లతోని నేను జూసిన.”